చెన్నపట్నాన్ని జయించి చెరసాల పాలైన నావికుడు

1746 సెప్టెంబరు 21వ తేదీన చెన్నపట్నంలోని సెయింట్ జార్జి కోట ఫ్రెంచివారి వశమైంది. ఆ విజయాన్ని సాధించిన నౌకాధిపతి లా బూర్దొనే. ఆ విజయమే కారణమై, రెండేళ్ళైనా గడవకముందే అతడు పారిస్‌లోని బాస్తీయ్ కారాగారంలో బందీ అయినాడు.

1699లో ఫ్రాన్సు దేశపు రేవుపట్టణమైన సాన్ మాలోలో జన్మించిన లా బూర్దొనే పదేళ్ళ ప్రాయంలోనే సముద్రయానం ఆరంభించాడు. 1725లో మలబారు తీరాన మాహె పట్టణాన్ని పట్టుకొనడంలో ప్రతిభ కనబరిచాడు. 1735లో మారిషస్ ద్వీపానికి గవర్నరుగా వచ్చి, పోర్ట్ లూయీని మేటి రేవుగా తీర్చిదిద్దాడు. కర్రపెండలం సాగును ప్రవేశపెట్టాడు. ఆ నిర్మాణాల వెనుక బానిసల చెమట ఉన్నదన్న సత్యాన్ని విస్మరించరాదు. తరువాతి శతాబ్దంలో తెలుగు కూలీలు ఓడ దిగినదీ ఆ రేవులోనే.

యుద్ధం రాగానే అతడు నౌకాదళాన్ని సమకూర్చుకొని బయలుదేరాడు. దారిలో తుపాను దెబ్బతీసింది. మడగాస్కర్ అడవుల కలపతో ఓడలను బాగుచేయించి, 1746 జూలైలో నాగపట్టణం వద్ద ఆంగ్ల నౌకాదళాన్ని ఎదుర్కొని, అనంతరం చెన్నపట్నాన్ని ముట్టడించాడు.

చిక్కంతా గెలిచిన పిమ్మటనే వచ్చింది. పదకొండు లక్షల వరహాలు పుచ్చుకొని పట్నాన్ని తిరిగి అప్పగించుటకు అతడు ఆంగ్లేయులతో ఒప్పందం చేసుకున్నాడు. పుదుచ్చేరి గవర్నరు డూప్లే అందుకు సమ్మతించలేదు. ఇచ్చిన మాట తప్పనని లా బూర్దొనే. పట్నాన్ని విడువనని డూప్లే. వాదులాటలో వారాలు గడిచాయి. నాడు చెన్నపట్నానికి ఓడలను కాపాడే రేవు లేదు. అక్టోబరు మాసంలో అట్టి తీరాన నౌకలను నిలిపి ఉంచడం అంతటి నావికుడు చేయదగని పొరపాటు. 13వ తేదీ రాత్రి విరుచుకుపడిన తుపానులో పలు నౌకలతో పాటు వేయిమందికి పైగా జలసమాధి అయ్యారు.

మిగిలిన ఓడలతో అతడు వెడలిపోగానే ఒప్పందం రద్దయింది. స్వదేశానికి మరలుతూ మార్గమధ్యంలో ఆంగ్లేయులకు చిక్కినాడు. లండనులో వారు అతనిని మర్యాదగానే చూశారు. స్వదేశంలో మాత్రం లంచం పుచ్చుకొన్నాడన్న అభియోగంపై 1748లో నిర్బంధించారు. 1751లో నిర్దోషిగా విడుదలయ్యేనాటికి ఆరోగ్యం క్షీణించింది. అప్పటికే 1749లో, ఉత్తర అమెరికాలోని లూయిబూర్గ్ కోటకు బదులుగా, చెన్నపట్నం తిరిగి ఆంగ్లేయులకే దక్కింది. 1753లో లా బూర్దొనే పారిస్‌లో మరణించాడు. మరుసటి ఏడు డూప్లేను సైతం ఫ్రాన్సు వెనుకకు పిలిపించింది.