తెలుగు అక్షరమును అచ్చుకెక్కించిన బెంజమిన్ షుల్జ్ గారు

శ్రీముఖలింగము గుడిలో తూర్పు గాంగరాజుల కాలమున చెక్కిన శిలాశాసనములను మన ప్రాంతమువారెల్లరు ఎరుగుదురు. రాతిపై చెక్కిన అక్షరము చిరకాలము నిలుచును గాని, చదువగోరినవాడు రాతియొద్దకే రావలెను. అక్షరమును చదువరి యింటికి పంపినది అచ్చుపని. తెలుగు అక్షరములు మొదట పుస్తకముగా అచ్చైనది జర్మనీలో. అందుకు కారకులైన షుల్జ్ గారి పేరును వేదశాస్త్ర కళాశాలలో ఒక్క వాక్యముగా విని విడిచితిమి. ఆ లోపమును ఇచ్చట దిద్దుకొనుచున్నాము.

షుల్జ్ గారు 1689లో బ్రాండెన్‌బర్గ్ సీమలో జన్మించి, హాలె పట్టణమున చదివి, 1719లో మిషనెరీగా తరంగంబాడి చేరిరి. ఆ యేడే మరణించిన జీగెన్‌బాల్గ్ గారు సగములో విడిచిన తమిళ పాత నిబంధనను పూర్తిచేసిరి. తోటివారితో పొసగక 1726లో మద్రాసు వెళ్లిరి. అచ్చట తెలుగు నేర్చి, 1732 నాటికి వేదగ్రంథమును తెనిగించిరి. కాని దానిని ముద్రించుటకు తెలుగు అచ్చక్షరములు లేవు.

1743లో వారు హాలెకు తిరిగి వెళ్లిరి. లోహము చెక్కుటలో ఆ దేశము పేరుగాంచినది. గూటెన్‌బర్గ్ విడివిడి అచ్చక్షరములతో బైబిలు ముద్రించినది అచ్చటనే. కంసాలి కుమారుడైన డ్యూరర్ (1471–1528) రాగిరేకులపై చిత్రములు చెక్కి కాగితముపై అచ్చుతీసినదియు అచ్చటనే. అచ్చక్షరము చేయుటయు అట్టి పనియే. ఉక్కుకడ్డీ కొనపై అక్షరమును అద్దములోవలె తిరగబడిన రూపున చెక్కి, దానిని రాగిపై కొట్టి గుంటచేసి, అందులో కరగిన సీసము పోయవలెను. గుణింతములు, వత్తులు గల మన లిపికి ఆ శ్రమ అనేక రెట్లు.

1746, 1747 సంవత్సరములలో హాలెలో ప్రశ్నోత్తరి మొదలగు చిన్న తెలుగు పుస్తకములు వెలువడినవి. తెలుగులో తొలి అచ్చు పుస్తకములు ఇవియే. అయితే వేదగ్రంథము వ్రాతప్రతిగానే ఉండిపోయినది. వారు 1728లో వ్రాసిన తెలుగు వ్యాకరణము 1984లో గాని అచ్చుకాలేదు. 1760లో షుల్జ్ గారు హాలెలోనే కన్నుమూసిరి.

1805లో విశాఖపట్టణము వచ్చిన క్రాన్, డెగ్రాంజ్ గారలు ఆనందరాయరు గారి సాయముతో మరల తెనిగింప పూనుకొనిరి. 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చైనవి. అప్పటికి క్రాన్, డెగ్రాంజ్ గారలిద్దరును గతించిరి.

నేడు మన యింట బల్లమీద నున్న వేదగ్రంథము కొద్ది రూకలకు దొరకును. దాని వెనుక, తమ పని అచ్చులో చూడకయే వెళ్లిపోయిన వారున్నారు. ఈ శతవార్షిక దినములలో వారిని మన పిల్లలకు చెప్పుదము.