అయ్యగారి సాంబశివరావు

అయ్యగారి సాంబశివరావు (సెప్టెంబరు 20, 1914 - అక్టోబరు 31, 2003) అణుశక్తి, ఎలక్ట్రానిక్స్ రంగాలలో ప్రముఖ శాస్త్రవేత్త. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) వ్యవస్థాపకుడు. ఎ.ఎస్.రావుగా సుపరిచితుడు.

జీవిత విశేషాలు

ఈయన పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించాడు. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు కూడా ఇదే. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, అక్కడే అధ్యాపకుడుగా పనిచేశాడు. 1946లో టాటా ఉపకార వేతనంపై అమెరికా వెళ్ళి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందాడు. తిరిగి వచ్చి బొంబాయిలోని టాటా ప్రాథమిక పరిశోధనా సంస్థలో హోమీ భాభా బృందంలో చేరాడు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది. నియంత్రణ వ్యవస్థను మాత్రం సాంబశివరావు బృందమే తయారుచేసింది. పరికరాన్ని కొనితెచ్చుకొనే వీలున్నా స్వయంగా తయారుచేసి నేర్చుకోవాలన్న ఆయన పద్ధతి ఇక్కడే స్థిరపడింది. 1963లో ప్రభుత్వం నియమించిన ఎలక్ట్రానిక్స్ సంఘంలో భాభా, విక్రం సారాభాయి, సూరి భగవంతంలతో పాటు ఈయన కూడా సభ్యుడు. ఆ కృషికి కొనసాగింపుగా 1967 ఏప్రిల్ 11న ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది.

కంప్యూటర్లు

ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరు 1969లో వెలువడింది. దాని పదం పొడవు 12 బిట్లు, మాగ్నెటిక్ కోర్ మెమరీ 4,096 పదాలు. తరువాత ఇ.సి.ఐ.ఎల్. నుండి టి.డి.సి.-312, 16 బిట్ల టి.డి.సి.-316 వచ్చాయి.

ఆ కాలపు మినీ కంప్యూటర్లు ప్రయోగశాలల్లో, కర్మాగారాల్లో అనేక కొలత పరికరాలతో కలిసి పనిచేయవలసి వచ్చేది. ప్రతి పరికరానికీ ప్రాసెసరు నుండి విడిగా తీగలు లాగితే ఖర్చూ, చిక్కూ పెరుగుతాయి. అందుకు ఉపాయం బస్సు, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే తీగల కట్ట. 1970లో అమెరికాలో వచ్చిన పి.డి.పి.-11 కంప్యూటరు బస్సులో 56 సంకేతాల తీగలుండేవి. వాటిలో 18 చిరునామాకు, 16 దత్తాంశానికి.

ఉమ్మడి తీగపై ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. ఒక పరికరం 1 అని, మరొకటి 0 అని ఒకే తీగను నడిపితే విలువ చెడిపోతుంది, అధిక విద్యుత్తు పారి చిప్పు కాలిపోవచ్చు కూడా. అందువలన తీగను ఒక నిరోధకంతో పై స్థాయిలో ఉంచి, వంతు వచ్చిన పరికరం దానిని కిందికి లాగే ఏర్పాటు చేశారు. మరొక పద్ధతిలో వంతు లేని పరికరపు నిర్గమం 0, 1 కాక మూడవ స్థితిలోకి, అంటే తీగనుండి తెగిపోయినట్లుండే స్థితిలోకి వెళుతుంది. బస్సు కావాలన్న పరికరం విన్నపం పంపగా, అనుమతి సంకేతం వరుసలో ఒక్కొక్క కార్డునూ దాటుతూ వస్తుంది. బంతిభోజనంలో మొదట కూర్చున్నవారికి మొదట వడ్డించినట్లు, దగ్గరున్న పరికరానికే ప్రాధాన్యం. మధ్యలో కార్డు లేని ఖాళీ ఉంటే అనుమతి అక్కడే ఆగిపోతుంది కనుక ఆ చోట చిన్న అనుసంధాన కార్డు పెట్టేవారు.

ఈ స్వావలంబనకు మూల్యం కూడా ఉంది. దిగుమతులపై ఆంక్షలున్న 1970లలో ఇ.సి.ఐ.ఎల్. యంత్రాలు ఖరీదైనవనీ, విదేశీ యంత్రాల కంటే వెనుకబడినవనీ విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. ఆ దశాబ్దం చివర ప్రైవేటు సంస్థలకు కూడా ఈ రంగంలో అవకాశం కల్పించారు. అయితే దేశంలో కంప్యూటరును మొదటినుండి చివరిదాకా రూపొందించడం తెలిసిన ఇంజనీర్లు తయారైనది ఎక్కువగా ఇటువంటి సంస్థలలోనే. తెలుగువారి ఇళ్ళలో మాత్రం ఈ సంస్థ ఇ.సి. టి.వి. పేరుతోనే ఎక్కువ పరిచయం.

పురస్కారాలు

1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ లభించాయి. ఇ.సి.ఐ.ఎల్. సమీపంలో, తరువాత మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాలో చేరిన కాప్రా ప్రాంతంలో ఉన్న ఎ.ఎస్.రావు నగర్‌కు ఈయన పేరే పెట్టారు.