పల్లె చేతికి పగ్గాలు: బల్వంతరాయ్ మెహతా జీవితం

స్వతంత్ర భారతదేశంలో గ్రామాల కోసం ప్రభుత్వం తలపెట్టిన తొలి బృహత్ ప్రయత్నం సమాజ వికాస పథకం. 1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో అది ఆరంభమైంది. ఒక్కో ప్రాజెక్టు పరిధిలోకి సుమారు 300 గ్రామాలు వచ్చాయి. మరుసటి ఏడాది జాతీయ విస్తరణ సేవ దానికి తోడైంది. ఇంత శ్రమ, ఇంత ధనం పల్లెకు ఏ మేరకు అక్కరకు వచ్చాయో తేల్చే బాధ్యత 1957 జనవరిలో పార్లమెంటు సభ్యుడు బల్వంతరాయ్ మెహతా నాయకత్వంలోని అధ్యయన బృందానికి అప్పగించారు.

1900లో భావ్‌నగర్‌లో జన్మించిన మెహతా సంస్థాన పాలనను దగ్గరగా చూసినవారు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో పట్టాను తిరస్కరించారు. 1921లో భావ్‌నగర్ ప్రజామండలిని స్థాపించారు. బార్డోలీ సత్యాగ్రహంలో పాల్గొన్నారు, క్విట్ ఇండియా ఉద్యమంలో కారాగారవాసం అనుభవించారు. పాలితులకు పాలనలో వాటా ఉండాలన్నదే ఆ పోరాటాల సారం.

అదే దృష్టి అధ్యయనంలోనూ కనిపించింది. తవ్విన బావులు, వేసిన రోడ్ల లెక్కతో మెహతా బృందం తృప్తి పడలేదు. ఆ పనులను గ్రామస్థులు తమవిగా భావించారా అని పరిశీలించింది. పథకం స్థానిక చొరవను మేల్కొల్పలేకపోయిందని, ప్రజలు అధికారుల వెంట నడిచేవారిగానే మిగిలారని 1957 నవంబరులో సమర్పించిన నివేదికలో తేల్చిచెప్పింది. లోపం ప్రజల ఉదాసీనతలో లేదు. నిర్ణయాధికారం, నిధులు వారి చేతికి రాకపోవడమే అసలు కారణం. గ్రామ పంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తులతో మూడంచెల వ్యవస్థను బృందం సిఫారసు చేసింది.

1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో ఈ వ్యవస్థకు ప్రధాని నెహ్రూ శ్రీకారం చుట్టారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ కూడా ఆ బాట పట్టింది. సమితి ప్రెసిడెంటు అన్న పదవి తెలుగు పల్లె రాజకీయాలలో స్థిరపడింది అప్పుడే.

1963లో మెహతా గుజరాత్ ముఖ్యమంత్రి అయ్యారు. 1965 భారత్-పాక్ యుద్ధ సమయంలో, సెప్టెంబరు 19న, ఆయన ప్రయాణిస్తున్న విమానాన్ని కచ్ గగనతలంలో పాకిస్థాన్ యుద్ధవిమానం కూల్చివేసింది. ఆయనతోపాటు భార్య సరోజ్‌బెన్, విమానంలోని మిగిలిన వారందరూ ప్రాణాలు కోల్పోయారు.

తర్వాతి దశాబ్దాలలో అనేక రాష్ట్రాలలో పంచాయతీలు నీరసించాయి. ఎన్నికలు వాయిదా పడ్డాయి, నిధులు రాజధానులలోనే నిలిచిపోయాయి. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వాటికి రాజ్యాంగ రక్షణ కల్పించింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం మరో అడుగు ముందుకు వేసి, పనులపై సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకే అప్పగించింది. పథకం మంచిచెడ్డలు తేల్చవలసినవారు దానిని అనుభవించేవారే. అయితే వారి తీర్పుకు విలువ దక్కాలంటే దానిని అమలు చేసే అధికారమూ వారికి ఉండాలి. మెహతా నివేదిక మిగిల్చిన పాఠం ఇదే.