ఏలికపాము చెప్పిన పాఠం: థియోడర్ బొవేరి



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మేం తరచూ వినే మాట ఒకటుంది. మా వంశంలోనే ఎవరికీ లెక్కలు రావు మేడమ్, వీడికెలా వస్తాయి అని. ఈసారి ఆ మాట అనే ముందు థియోడర్ బొవేరి గురించి చదవండి.

బొవేరి 1862లో జర్మనీలోని బాంబెర్గ్‌లో పుట్టారు. మ్యూనిక్ యూనివర్సిటీలో మొదట చరిత్ర, తత్వశాస్త్రం వైపు వెళ్లి, త్వరలోనే సైన్స్‌కి మారారు. 1893లో వూర్జ్‌బుర్గ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.

ఆయన ఎంచుకున్న జీవి గుర్రం పేగుల్లో పెరిగే ఏలికపాము. మనిషి కణంలో 46 క్రోమోజోములుంటే, దీని గుడ్డులో మొదట రెండో నాలుగో ఉంటాయి. అందుకే మైక్రోస్కోప్‌లో ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపిస్తుంది.

1887లో ఆయన ఒక వింత గమనించారు. గుడ్డు రెండు కణాలయ్యాక, వాటిలో ఒకటి మళ్లీ విడిపోయేటప్పుడు క్రోమోజోముల లావుపాటి కొనలు తెగిపోతాయి. అవి కొత్త కేంద్రకాల్లోకి చేరకుండా బయటే ఉండి కరిగిపోతాయి. మధ్యభాగం మాత్రం చిన్న ముక్కలై లోపలికి వెళ్తుంది. ఆ కణాలు శరీరంగా మారతాయి. రెండో కణంలో మాత్రం కొనలు భద్రంగా ఉంటాయి. తర్వాతి కొన్ని విభజనల్లోనూ ఇదే జరిగి, చివరికి కొనలు పోగొట్టుకోని కణం నుంచే వచ్చే తరానికి గుడ్లు, శుక్రకణాలు తయారవుతాయి.

కొనలు ఉండాలా, పోవాలా అన్నది నిర్ణయించేది ఏది? బొవేరి గుడ్లను యంత్రంలో గిరగిరా తిప్పి, లోపలి పదార్థం సర్దుబాటును మార్చి చూశారు. కొన్ని గుడ్లలో రెండు కణాలూ కొనల్ని నిలుపుకున్నాయి. అంటే క్రోమోజోములు అవే అయినా, వాటి గతిని నిర్ణయించింది చుట్టూ ఉన్న కణద్రవ్యమే. 1910లో ఆయన ఈ ఫలితాలు ప్రచురించారు.

క్రోమోజోముల పంపకంలో తేడా వస్తే కేన్సర్ రావచ్చని 1914లో పుస్తకం రాశారు. ఆ ఆలోచన బలపడటం చూడకుండానే 1915లో, 53 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన భార్య మార్సెల్లా కూడా జీవశాస్త్రవేత్తే. ఆ పుస్తకాన్ని ఆమె ఇంగ్లీషులోకి అనువదించగా 1929లో వెలువడింది.

పురుగు గుడ్డుకీ మన పిల్లలకీ పోలిక పూర్తిగా కుదరదు, నిజమే. కానీ వంశం ఇచ్చింది సగం కథే. మిగతా సగం చుట్టూ ఉన్నవాళ్లం, అంటే మీరూ మేమూ. ఈ రాత్రి హోంవర్క్ దగ్గర కూర్చున్నప్పుడు, నీకు రాదు అనే ముందు ఒక్క క్షణం ఆగండి.