గురువుల ఋణము తీర్చిన ఉపాధ్యాయుడు: గిడుగు రామమూర్తి పంతులు గారు

శతాబ్ది సంచికలో సంఘ పెద్దలను, దైవసేవకులను స్మరించుకొనుట మన వాడుక. మేము ఈ వ్యాసములో సంఘమునకు వెలుపలివారైనా మన ప్రాంతమునకు ఎంతో మేలు చేసిన ఒక ఉపాధ్యాయుని జీవితమును జ్ఞాపకము చేయదలిచాము. దానికి కారణమున్నది. మన సంఘములలో బడి పంతుళ్లు, నర్సులు, గుమాస్తాలు ఎందరో ఉన్నారు. వీరిలో ప్రతివారికీ తొలినాళ్లలో దగ్గర కూర్చోబెట్టుకొని పని నేర్పిన పెద్ద ఒకరుంటారు. ఆ పెద్ద ఋణము ఎట్లు తీర్చుకోవాలి? పదవీ విరమణ నాడు ఒక శాలువా కప్పితే తీరుతుందా? గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జీవితములో ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగమునకు సమీపమున పర్వతాలపేటలో జన్మించారు. కోటబొమ్మాళి వారికి అది పొరుగు సీమే. 1875లో తండ్రి వీర్రాజు గారు మరణించగా, ఆ బాలుడు విజయనగరములో బంధువుల ఇంట ఉండి మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొన్నారు. అక్కడ గురజాడ అప్పారావు గారు ఆయన సహపాఠి. 1879లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటి ఏట పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగము చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఎ., 1896లో బి.ఎ. పరీక్షలు గెలిచారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో దానికి చుట్టరికము లేదు. ఆ భాష నేర్చుకొనుటకు పుస్తకము లేదు, బడి లేదు. పంతులు గారు తెలుగు తెలిసిన ఒక సవరను తన ఇంట ఉంచుకొని, ఆయన వద్ద శిష్యునివలె ఒక్కొక్క మాటా నేర్చుకొన్నారు. సవర పల్లెలకు తామే వెళ్లి తిరిగారు. అక్కడి మలేరియా జ్వరమునకు మితిమీరి క్వినైను వాడుటచేత ఆయనకు చెవుడు వచ్చింది. అది జీవితాంతము ఆయనను విడువలేదు. భాషాధ్వనులను పట్టుకొనుటకే పాటుపడిన మనిషికి వినికిడి పోవుట ఎంత బాధాకరమో మనము ఊహించుకోవచ్చును.

తనకు పాఠము చెప్పిన ఆ కొండవారి ఋణమును ఆయన ఎట్లు తీర్చారో గమనించండి. సవర భాషలోనే వాచకములు తయారుచేశారు. సొంత సొమ్ముతో వారికి బడులు పెట్టి, అక్కడి ఉపాధ్యాయులకు తన జేబులో నుండి జీతములిచ్చారు. పెద్ద జీతగాడు కాని బడిపంతులు ఈ పని చేశారని మరువరాదు. ప్రభుత్వము ఆయన కృషికి పారితోషికమివ్వబోగా, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండని కోరారు. కుమారుడు సీతాపతి గారిని కూడా ఈ సేవలో భాగస్తునిగా చేసుకొన్నారు. సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర నిఘంటువు 1938లోను అచ్చయినవి. అప్పటికి పంతులు గారి వయస్సు డెబ్బదియైదు.

ఇక తెలుగు మాట. 1907లో జె.ఎ. యేట్స్ అను దొర ఉత్తర కోస్తాలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనము మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో రాసే తెలుగు ఒకటి అగుట ఎందుకని ఆయన అడిగిన ప్రశ్నకు, విశాఖపట్టణపు కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ గారు గురజాడ, గిడుగు గార్ల పేర్లు చెప్పారు. తన కన్నులు తెరిపించిన ఆ ప్రశ్నను పంతులు గారు తన తోటి ఉపాధ్యాయులందరి యొద్దకు మోసుకొనిపోయారు. 1911లో ఉద్యోగము విరమించిన తరువాత విశ్రాంతి తీసుకొనవచ్చును. ఆయన మాత్రము ఊరూరా తిరిగి, సభలలో వాదించి, పిల్లలకు అర్థమయ్యే తెలుగులో పాఠము చెప్పండని పంతుళ్లకు బోధించారు. పండితుల వ్యతిరేకత తీవ్రముగా ఉండెను. పరీక్షలలో వాడుక భాషకు దొరికిన అనుమతి కూడా త్వరలోనే రద్దయినది.

1915లో గురజాడ వారు కన్నుమూశారు. 1919 ఫిబ్రవరిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడగా, కందుకూరి వీరేశలింగము పంతులు గారు అధ్యక్షులు, గిడుగు వారు కార్యదర్శి. మూడు నెలలు గడువక మునుపే కందుకూరి వారూ మరణించారు. ఇద్దరూ పోయిన తరువాత పంతులు గారు ఆ బరువును తన భుజముపై వేసుకొని మరి ఇరువది యేండ్లు నడిచారు. 1919లోనే ‘తెలుగు’ అను మాసపత్రికను ప్రారంభించారు. పోయినవారికి ఆయన చూపిన గౌరవము అదే.

ఆయన వద్ద చదువుకొన్న తాపీ ధర్మారావు గారు పత్రికా రంగములో ప్రవేశించి, ‘జనవాణి’ పత్రికను వాడుక భాషలో నడిపి, గురువు చెప్పిన మాటను తన వృత్తిలో నిజము చేశారు. ఋణము ఇట్లు చేతి నుండి చేతికి సాగిపోతుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి ఆయన రాజమహేంద్రవరము చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి 22న తనువు చాలించారు. ఆయన కోరిన తెలుగు నేడు పాఠ్యపుస్తకములలో ఉన్నది, పత్రికలలో ఉన్నది. పల్లెలోని అక్కలకు, తల్లులకు అర్థమగునట్లు మేము వేదికపై మాట్లాడగలుగుటలోను ఆయన పాలు కొంత ఉన్నది. ఆయన జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొంటున్నాము.

ప్రియ సహోదరీ సహోదరులారా, మనలో ఉద్యోగము చేసి దిగినవారున్నారు. టెక్కలి, పలాస, సీతంపేట వైపు తొలి ఉద్యోగమునకు వెళ్లే మన పిల్లలున్నారు. కొత్త పంతులమ్మకు రెండు తరగతులను ఒక్క గదిలో ఎట్లు నడపాలో ఒక సాయంకాలము కూర్చొని చెప్పండి. కొత్త నర్సుకు రాత్రి డ్యూటీ మెళకువలు నేర్పండి. ఫీజు అడుగకండి. మీకు ఆ పని నేర్పిన పెద్ద పేరు మాత్రము వారికి చెప్పండి. వారు మరొకరికి చెబుతారు.