ఆచార్య సూరి భగవంతముగారు

ఆంధ్రదేశమున భౌతికశాస్త్రమునకు వన్నె తెచ్చినవారిలో సూరి భగవంతముగారొకరు. వారి జీవితమందలి యొక ఘట్టమును విద్యార్థుల మేలుకొరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

వీరు 1909వ సంవత్సరమున కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాము కళాశాలలో పట్టము పొంది, 1928లో కలకత్తా చేరి, సర్ చంద్రశేఖర వెంకటరామన్‌గారికి శిష్యులైరి. తిరుగు బొంగరమునకు కోణీయ ద్రవ్యవేగమను గుణము గలదు. బయటినుండి మెలిపెట్టునది లేనిచో అది తరుగదు, పెరుగదు. కాంతికణమగు ఫోటానునకును అట్టి గుణము, అనగా స్పిన్, గలదా యనునది నాటి ప్రశ్న. చేత పట్టరాని వెలుగునందు దానిని కనుగొనుట యెట్లు? గురుశిష్యులు పదార్థములందు చెదరిన కాంతి ధ్రువణమును కొలిచి, స్పిన్ గలదని 1931లో ప్రకటించిరి. అప్పటికి భగవంతముగారు ఇంచుమించు ఇరువదిరెండేండ్ల యువకులు. అది పరోక్ష నిదర్శనము. 1936లో అమెరికాయందు బెత్ అను శాస్త్రజ్ఞుడు, సన్నని పోగుకు వ్రేలాడదీసిన స్ఫటికపు పలకను కాంతియే మెలిత్రిప్పుట ప్రత్యక్షముగ కొలిచెను.

దీనివలన ప్రయోజనమేమని తరగతిలో పిల్లలు మమ్ము అడుగుదురు. ఎలెక్ట్రానునకు ప్రతికణము పాజిట్రాను. ఇది 1932లో కనబడెను. ఈ రెండును కలిసినచో నశించి గామా కాంతిగా మారును. వాని స్పిన్‌లు ఎదురెదురుగ నున్నచో మొత్తము సున్న యగును. అప్పుడు రెండు ఫోటానులు చెరియొక దిక్కునకు పోవును. ఒకే దిశగ నున్నచో ఫోటాను స్పిన్‌నుబట్టి రెండింటితో లెక్క కుదరదు, మూడు కావలయును. అందుచే శూన్యమున ఆ జంట వెయ్యిరెట్లకు మించిన కాలము నిలుచును. దేహమునందు మిక్కిలి తరచుగ వెలువడు ఆ జంట ఫోటానులను పట్టియే, నేడు ఆసుపత్రులలో పెట్ స్కాను యంత్రము పుట్టకురుపు చోటు తెలుపుచున్నది.

1932లో భగవంతముగారు వాల్తేరునందలి ఆంధ్రవిశ్వవిద్యాలయమున బోధకులై, పిమ్మట ఆచార్యులైరి. కలకత్తా పోజాలని మన విజయనగర, శ్రీకాకుళ సీమల బాలురకు అట్టి విద్య చేరువయ్యెను. తరువాత వారు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగను, బెంగుళూరు విజ్ఞానసంస్థ అధ్యక్షులుగను, రక్షణశాఖకు శాస్త్రసలహాదారుగను పనిచేసి, 1989లో పరమపదించిరి.

విద్యార్థులారా, నాడు వెలుగును కొలిచినవారికి ఆసుపత్రి యంత్రము తెలియదు. ఉన్నదున్నట్లు కొలుచుటయే వారి పని. మీరును ప్రయోగశాలలో వచ్చిన అంకెనే వ్రాయుడు. రావలసిన అంకెను వ్రాయకుడు.