ఎంతసేపు తిరగాలి? చార్లెస్ కెట్టరింగ్ కథ

కారులో ఎలక్ట్రిక్ కూలింగ్ ఫ్యాన్‌కి వైరింగ్ ఎలా చేయాలని వెతికితే బోలెడు డయాగ్రమ్‌లు దొరుకుతాయి. బ్యాటరీ, ఫ్యూజ్, రిలే, టెంపరేచర్ స్విచ్, మోటారు. ఐదు బొమ్మలు, నాలుగు గీతలు, అంతే. కానీ ఆ గీతల్లో కనపడని ప్రశ్న ఒకటుంది. ఈ మోటారు ఎంతసేపు తిరగాలి? వైరు ఎంత లావుండాలి, ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లది వేయాలి, మోటారు ఎంత పెద్దదుండాలి, ఇవన్నీ చాలావరకు ఆ ప్రశ్న మీదే ఆధారపడతాయి.

ఆ ప్రశ్నతోనే కారు చరిత్రని మార్చిన మనిషి చార్లెస్ కెట్టరింగ్. ఫ్యాను ఆయన కనిపెట్టలేదు, రిలే కూడా ఆయనది కాదు. కానీ ఒక బ్యాటరీ, దాన్ని చార్జ్ చేసే జనరేటర్, దాని మీద బతికే మోటారు, లైట్లు, స్పార్క్ అన్నీ కలిపి కారులో ఒకే సంసారంగా నిలబెట్టింది ఆయనా, ఆయన టీమూ. ఈరోజు మనం కారులో ఏ వైరు లాగినా ఆ సంసారంలోకే లాగుతున్నాం.

కెట్టరింగ్ 1876లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో లౌడన్‌విల్ అనే ఊరి దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పటి నుంచి కళ్లు సరిగా పనిచేసేవి కావు. కాసేపు చదివితే చాలు, తలనొప్పి. కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పాడు, తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. కళ్ల బాధ ఎక్కువై మధ్యలో చదువు మానేయాల్సి వచ్చింది. అప్పుడు టెలిఫోన్ స్తంభాలు పాతి లైన్లు లాగే పనికి వెళ్లాడు. అక్కడ వైర్లతో, కరెంటుతో చేతులారా పనిచేశాడు. మళ్లీ కాలేజీకి వచ్చాక రూమ్మేట్లు పుస్తకాలు చదివి వినిపిస్తే విని నేర్చుకున్నాడు. 1904లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ చేతికొచ్చేసరికి వయసు 27. నాలుగేళ్లలో బీటెక్ అయిపోకపోతే జీవితమే అయిపోయిందనుకునే మనం ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

డేటన్ నగరంలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అప్పటి గల్లాపెట్టెలకి పక్కన ఒక హ్యాండిల్ ఉండేది. ప్రతి బిల్లుకీ గుమాస్తా దాన్ని తిప్పాలి. ఆ పని మోటారుతో చేయించమని కెట్టరింగ్‌కి అప్పగించారు. ఆయన గమనించింది చిన్న విషయం. గల్లాపెట్టె మోటారు పొద్దంతా తిరగదు. ఒక్క క్షణం గట్టిగా తిరుగుతుంది, సొరుగు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్రపోతుంది. కాబట్టి చిన్న మోటారులోకి దాని స్థాయికి మించిన కరెంటు పంపినా ఫర్వాలేదు. వేడెక్కేలోపే పని అయిపోతుంది, తర్వాత చల్లారడానికి కావలసినంత టైముంటుంది. మన ల్యాప్‌టాప్ ప్రాసెసర్ కొన్ని సెకన్లు టర్బో స్పీడులో పరిగెత్తి మళ్లీ తగ్గుతుంది చూడండి, అదే లెక్క.

1909లో ఆ ఉద్యోగం వదిలేశాడు. అప్పటికే కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న ఎడ్వర్డ్ డీడ్స్ అనే మిత్రుడి ఇంటి వెనక ఒక పాత కొట్టం ఉండేది. అందులోనే వాళ్ల ప్రయోగశాల. క్యాష్ రిజిస్టర్ కంపెనీలో పగలు పనిచేసిన కుర్రాళ్లు రాత్రిళ్లు అక్కడికొచ్చి సాయం చేసేవారు. వాళ్ల మొదటి సరుకు ఇగ్నిషన్. అప్పటి పద్ధతిలో కాయిల్ ఒక స్పార్క్ కావలసిన చోట స్పార్కుల జల్లు కురిపించేది, దాంతో బ్యాటరీలు తొందరగా అయిపోయేవి. వీళ్లు ఒక రిలే పెట్టి, అవసరమైనప్పుడు ఒక్క స్పార్క్ వచ్చేలా చేశారు. కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లీలాండ్ 8,000 సెట్లకి ఆర్డర్ ఇచ్చాడు. అలా డెల్కో కంపెనీ పుట్టింది.

తర్వాతి సమస్య ప్రాణాల మీదకొచ్చేది. అప్పుడు కారు స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి ఇనప హ్యాండిల్ తిప్పాలి. ఇంజిన్ ఎదురు తిరిగితే హ్యాండిల్ వెనక్కి తన్నేది. చేతులు విరిగేవి. లీలాండ్ స్నేహితుడు బైరన్ కార్టర్ ఎవరిదో ఆగిపోయిన కారు తిప్పబోయి దవడకి దెబ్బ తగిలి, ఆ తర్వాత చనిపోయాడని, అందుకే లీలాండ్ ఈ సమస్యని పట్టుకున్నాడని చెప్పుకుంటారు. మోటారుతో ఇంజిన్ తిప్పొచ్చన్న ఆలోచన అప్పటికే ఉంది. కానీ లెక్క కడితే అంత బలమున్న మోటారు, దానికి తగ్గ బ్యాటరీ కారులో పట్టవు.

ఆ లెక్కలు తప్పు కాదు. మోటారు రోజంతా తిరుగుతుందనుకుని వేసినవి, అంతే. కెట్టరింగ్ గల్లాపెట్టె ప్రశ్నే అడిగాడు. ఎంతసేపు తిరగాలి? కొన్ని సెకన్లు. ఐతే చిన్న మోటారు చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? 1911 ఫిబ్రవరిలో కాడిలాక్ వాళ్లకి చేసి చూపించారు, 1912 మోడల్ కార్లలో వచ్చేసింది. అందులో ఇంకో తెలివుంది. ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు అది 24 వోల్టులతో తిరిగే మోటారు. ఇంజిన్ అందుకున్నాక అదే యంత్రం 6 వోల్టుల జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపేది. హ్యాండిల్ తిప్పే బలం లేనివాళ్లు కూడా పెట్రోల్ కారు నడపగలిగారు. హ్యాండిల్ బాధ లేదని ఎలక్ట్రిక్ కార్లు కొనేవాళ్లకి ఆ కారణం పోయింది. ఆనాటి ఎలక్ట్రిక్ కార్లు మూలపడటానికి ఒక ఎలక్ట్రిక్ మోటారు కూడా కారణమైంది!

డెల్కో చివరికి జనరల్ మోటార్స్‌లో కలిసింది. 1920 నుంచి 1947 దాకా ఆ కంపెనీ పరిశోధనలకి కెట్టరింగే పెద్ద. ఈసారి ఆయన దృష్టి కూలింగ్ మీద పడింది. రేడియేటర్, నీళ్లు, గొట్టాలు ఇవన్నీ ఎందుకు, ఇంజిన్‌ని గాలితోనే చల్లబరచలేమా అన్నాడు. రాగి ఇనుము కంటే ఎన్నో రెట్లు బాగా వేడిని లాగుతుంది. అందుకని సిలిండర్ చుట్టూ రాగి రెక్కలు అతికించి, వాటి మధ్యలోంచి ఫ్యానుతో గాలి తోలించారు. 1923లో షెవ్రొలే పేరుతో ఈ కార్లు బయటికొచ్చాయి. తయారైనవి 759. కొన్నవాళ్ల చేతికి చేరినవి దాదాపు వంద. ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు శక్తి పడిపోయేది. ల్యాబ్‌లో నడిచింది, రోడ్డు మీద గంటల తరబడి నిలబడలేదు. కంపెనీ అన్నింటినీ వెనక్కి పిలిపించింది. కెట్టరింగ్ రాజీనామా చేస్తానన్నాడు, కంపెనీ పోనివ్వలేదు. స్టార్టర్ కొన్ని సెకన్ల పని. కూలింగ్ అలా కాదు, ఇంజిన్ తిరిగినంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది.

ఇంతకంటే పెద్ద కథ పెట్రోల్‌ది. అప్పటి ఇంజిన్లలో నాక్ ఎక్కువ. ఆ చప్పుడుకి కెట్టరింగ్ బ్యాటరీ ఇగ్నిషనే కారణమని కొందరు నింద కూడా వేశారు. తన దగ్గర పనిచేసే థామస్ మిడ్జ్‌లీకి ఆ సమస్య అప్పగించాడు. 1921 డిసెంబర్‌లో మందు దొరికింది, టెట్రాఇథైల్ లెడ్. పెట్రోల్‌లో చాలా కొద్దిగా కలిపితే నాక్ మాయం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. సీసం విషమని లోకానికి ఎప్పటి నుంచో తెలుసు. 1924లో న్యూజెర్సీలో ఈ పదార్థం తయారుచేసే చోట ఐదుగురు కార్మికులు చనిపోయారు. దాన్ని అమ్మే కంపెనీకి మొదటి అధ్యక్షుడు కెట్టరింగే. కొన్నాళ్లు అమ్మకం ఆగింది, 1926లో మళ్లీ మొదలైంది. ఆల్కహాల్ కలిపినా నాక్ తగ్గుతుందని ఆ బృందానికి తెలుసు. కానీ పేటెంట్ చేతిలో ఉన్నది లెడ్‌కి. దశాబ్దాల పాటు సీసం పొగ గొట్టాల్లోంచి పిల్లల రక్తంలోకి వెళ్లింది. మన దేశంలో అది ఆగింది 2000లో. ఇప్పుడు మన బంకుల్లో పెట్రోల్‌లో కలుపుతున్నది ఇథనాల్!

ఫ్రిజ్‌ల కోసం ఇదే మిడ్జ్‌లీ బృందం 1928లో ఫ్రియాన్ తయారుచేసింది. మండదు, మనిషికి విషం కాదు. పాత ఫ్రిజ్‌లలో వాడిన ప్రమాదకరమైన వాయువుల ముందు అది దేవుడిలా కనిపించింది. ఓజోన్ పొరకి దానివల్ల ముప్పని 1974లో బయటపడేసరికి ఇద్దరూ లేరు.

ఐతే కెట్టరింగ్ విలనా? అలా ఒక ముక్కలో తేల్చేయడం నాకు సరిగ్గా అనిపించలేదు. రైతుల ఇళ్లకి కరెంటు లేని రోజుల్లో 32 వోల్టుల చిన్న జనరేటర్ సెట్లు చేసి దీపాలు వెలిగించాడు. డీజిల్ రైలింజన్లకి దారి వేశాడు. 1945లో క్యాన్సర్ పరిశోధనకి పెట్టిన స్లోన్ కెట్టరింగ్ సంస్థలో సగం పేరు ఆయనదే. మరుసటి ఏడాదే ఆయన భార్య ఆలివ్ క్యాన్సర్‌తో చనిపోయింది. 180కి పైగా పేటెంట్లు సంపాదించి 1958 నవంబర్‌లో 82 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మోటారు దగ్గర అంత సూటిగా అడిగిన ఎంతసేపు అనే ప్రశ్నని సీసం దగ్గర అంత గట్టిగా అడగలేదు. నా ఫిర్యాదు అదొక్కటే. ఈ వాయువు గాలిలో ఎంతకాలం ఉంటుంది? ఈ సీసం ఒంట్లో ఎంతకాలం ఉంటుంది? కోడ్ రాసే మనకీ ఇది వర్తిస్తుంది. డెమోలో రెండు నిమిషాలు నడిచిన ప్రోగ్రామ్ సర్వర్ మీద రెండేళ్లు నడవాలి.

ఇప్పుడు ఫ్యాన్ దగ్గరికొద్దాం. ఇంజిన్‌ని అడ్డంగా అమర్చిన కార్లు పెరిగాక, బెల్టుతో తిరిగే ఫ్యాను రేడియేటర్‌కి ఎదురుగా రావడం కష్టమైంది. ఎలక్ట్రిక్ ఫ్యాను అలా మామూలైంది. అది 12 వోల్టుల మీద సుమారు 20 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. అంటే 240 వాట్లు. స్టార్టర్‌లా సెకన్ల పని కాదు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే గంటసేపైనా తిరగాలి. అందుకే సన్న వైరు పనికిరాదు. ఆ కరెంటంతా టెంపరేచర్ స్విచ్ గుండా పంపితే దాని కాంటాక్టులు కాలిపోతాయి. స్విచ్ రిలే కాయిల్‌కి మాత్రం కొద్దిపాటి కరెంటు ఇస్తుంది. అసలు భారం రిలేలో 30, 87 అని రాసున్న టెర్మినల్స్ మోస్తాయి. ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరలో ఉండాలి, ఎందుకంటే అది కాపాడేది ఫ్యానుని కాదు, వైరుని.

ఇక ఆఖరి నిర్ణయం. రిలే కాయిల్‌కి కరెంటు ఇగ్నిషన్ తాళం నుంచి ఇవ్వాలా, నేరుగా బ్యాటరీ నుంచా? నేరుగా ఇస్తే బండి ఆపాక కూడా ఫ్యాను కాసేపు తిరిగి ఇంజిన్‌ని చల్లబరుస్తుంది. మంచిదే. కానీ టెంపరేచర్ స్విచ్ ఇరుక్కుపోయి ఫ్యాను ఆగకపోతే 40 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద రెండు గంటల్లో ఖాళీ. తెల్లారి తాళం తిప్పితే స్టార్టర్ కదలదు.